బుధవారం రాని అబ్బాయి: ఎనిమిదో తరగతిలో ఒక వేధింపు కేసు

శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి మూడు కిలోమీటర్లు ఇవతల ఉన్న ఒక ప్రభుత్వ హైస్కూల్లో నేను బయాలజీ చెప్తాను. పిల్లల ఆరోగ్యం, మనసు బాగోగులు చూసే పని కూడా నాకే అప్పగించారు. ఆయుష్మాన్ భారత్ కింద 2020లో మొదలైన స్కూల్ హెల్త్ అండ్ వెల్‌నెస్ కార్యక్రమంలో స్కూలుకి ఇద్దరు టీచర్లని ఇందుకోసం ఎంచుకుంటారు. మా స్కూల్లో ఆ ఇద్దరిలో నేనొకదాన్ని. సైకాలజీలో డిగ్రీ లేదు. ఉన్నది కొద్దిపాటి శిక్షణ, చాలా ఏళ్ల సర్వీసు.

ఈ కేసు రాయడానికి ముఖ్య కారణం ఒకటుంది. మొదట్లో నేను చేసిన పని వల్ల ఆ పిల్లాడి పరిస్థితి ఇంకా పాడైంది. నేను చేసింది మనలో చాలామంది మంచి మనసుతోనే చేసే పని. అందుకే దాన్ని దాచకుండా రాస్తున్నాను. పిల్లల పేర్లు రాయలేదు, గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు కొన్ని మార్చాను.

భూతద్దం

జులైలో ఎనిమిదో తరగతికి సూక్ష్మజీవుల పాఠం. తడిపిన రొట్టె ముక్క మీద బూజు పట్టించి, మూత ఉన్న డబ్బాలో పెట్టి, భూతద్దంతో చూడమని ఇచ్చాను. డబ్బా, భూతద్దం ఒకరి నుంచి ఒకరికి బెంచీల వెంట వెళ్తున్నాయి. మూడో బెంచీ చివర కూర్చున్న అబ్బాయి చూసి, నడవ దాటించి ఆడపిల్లల వైపు ఇచ్చాడు. అందుకున్న అమ్మాయి భూతద్దం పిడిని చున్నీ అంచుతో తుడిచింది. తుడిచాకే కంటి దగ్గర పెట్టుకుంది.

బూజు పాఠం కదా, శుభ్రం కోసం తుడిచిందేమో అనుకున్నాను. అయినా ఎందుకో మనసు ఒప్పలేదు. అందరూ చూడటం అయ్యాక, "ఇంకోసారి ఇటునుంచి అటు పంపండి" అన్నాను. ఈసారి ఆడపిల్లల వైపు నుంచి వచ్చింది. అతని దాకా ఎవరూ తుడవలేదు. అతని చేతిలోంచి తీసుకున్న పక్క కుర్రాడు మాత్రం నిక్కరుకి రుద్దుకుని చూశాడు. క్లాసులో చప్పుడు లేదు, ఎవరూ ఒక్క మాట అనలేదు. ముప్పై ఎనిమిది మంది పిల్లలకీ తెలిసిన ఒక నియమం నా ఒక్కదానికే తెలియదు.

ఆ వారమంతా చూశాను. అతను జవాబు చెప్పడానికి లేస్తే వెనక బెంచీలో ఒకరిద్దరు రెండు వేళ్లతో ముక్కు రుద్దుకుంటారు. చూసేవాళ్లకి జలుబు చేసిందనిపిస్తుంది, అంతే. వరండాలో ఒకసారి "ఎండ్రొయ్య" అన్న మాట వినపడింది. ఆ అబ్బాయిది మత్స్యకారుల పేట. తండ్రి ఏటా ఆగస్టులో గుజరాత్‌లోని వీరావల్‌కి చేపల వేటకి వలస వెళ్తాడు, మళ్లీ వేసవిలోనే వస్తాడు. తల్లి చేపలు ఎండబెట్టి ఊరూరా సంతల్లో అమ్ముతుంది.

మధ్యాహ్న భోజనానికి పిల్లలు వరండాలో వరసగా కూర్చుంటారు. ఇతను మాత్రం పళ్లెం పట్టుకుని కొళాయి దగ్గర గట్టు మీద కూర్చునేవాడు. తినే ముందు చేతులు కడుక్కుంటాడు. తిన్నాక కడుక్కుంటాడు. బెల్ కొట్టాక క్లాసులోకి వచ్చే ముందు మళ్లీ కడుక్కుంటాడు. జేబులో పేపర్‌లో చుట్టిన బట్టల సబ్బు ముక్క ఉండేది. ఒకరోజు దగ్గరికి వెళ్లి చేతులు చూపించమన్నాను. వేళ్ల మధ్య తోలు తెల్లగా ఊడిపోయి ఉంది, కణుపుల మీద చర్మం చిట్లి ఎర్రగా గీతలు పడ్డాయి.

"ఏటైంది నాన్నా?"

"ఏటీ నేదు మేడం."

రిజిస్టర్ చెప్పిన సంగతి

హాజరు పట్టీ తెచ్చుకుని ఇంట్లో కూర్చున్నాను. నెలకి నాలుగైదు రోజులు రాకపోవడం మా పిల్లల్లో మామూలే. జ్వరమో, పెళ్లో, పొలం పనో ఉంటుంది. అందుకే మొత్తం చూస్తే ఏమీ కనిపించదు. వారాల వారీగా గీతలు గీసి చూస్తే ఇతను మానేసినవి దాదాపు అన్నీ బుధవారాలే. గడిచిన ఎనిమిది బుధవారాల్లో ఆరు రాలేదు.

బుధవారం మా ఊరి సంత. స్కూలు గేటుకి వంద గజాల దూరంలో రోడ్డు పక్కన జరుగుతుంది. వాళ్లమ్మ తట్ట పెట్టుకుని కూర్చునేది అక్కడే.

టీచర్లకి ఇక్కడ ఒక మాట చెప్పాలి. పిల్లాడు నోరు తెరవకపోయినా రిజిస్టర్ మాట్లాడుతుంది. ఎన్ని రోజులు రాలేదని మాత్రమే మనం లెక్కేస్తాం. ఏ రోజులు, ఏ పీరియడ్ తర్వాత, ఏ వారం నుంచి అన్నది కూడా చూడాలి.

నేను చేసిన తప్పు

ఇంత గమనించి కూడా తొందరపడ్డాను. ముక్కు రుద్దుకునే వాళ్లలో ముందుండే కుర్రాణ్ని, ఇతన్ని స్టాఫ్ రూమ్‌కి పిలిచి ఎదురెదురుగా నిలబెట్టాను. "ఏం రా, ఏమంటున్నావు ఇతన్ని?" అంటే ఆ కుర్రాడు "సరదాకి మేడం" అన్నాడు. "నీకేమైనా బాధగా ఉందా?" అని ఇతన్ని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. అవతలివాడు పక్కనే నిలబడి ఉంటే ఇంకేం చెప్తాడు? ఇద్దరి చేతా చేతులు కలిపించి పంపేశాను. మర్నాడు ప్రేయర్‌లో ఐదు నిమిషాలు మాట్లాడాను కూడా. ఏ వృత్తీ తక్కువ కాదని, ఎవరినీ ఎగతాళి చేయకూడదని చెప్పాను. పేరు ఎత్తలేదు. కానీ నేను మాట్లాడుతుంటే ఎనిమిదో తరగతి లైనులో తలలు ఒక్కొక్కటే అతని వైపు తిరిగాయి. వేదిక మీద నుంచి ఆ తలలు తిరగడం చూశాను, అయినా మధ్యలో ఆపడం చేతకాలేదు.

ఆ వారంలో అతనికి కొత్త పేరు వచ్చింది: "మేడంగారి రొయ్య." నాలుగు రోజులు స్కూలుకి రాలేదు.

మన ఊళ్లలో తగువొస్తే పెద్దమనుషులు ఇద్దర్నీ కూర్చోబెట్టి రాజీ చేస్తారు. ఇద్దరూ సమఉజ్జీలైతే అది మంచి పద్ధతే. వేధింపు తగువు కాదు. ఈ విషయం మీద తొలిసారి గట్టిగా పనిచేసిన డాన్ ఓల్వేయుస్ అనే, స్వీడన్‌లో పుట్టి నార్వేలో పనిచేసిన మనస్తత్వవేత్త దీనికి మూడు గుర్తులు చెప్పాడు: కావాలని చేయడం, మళ్లీ మళ్లీ చేయడం, బలంలో తేడా ఉండటం. నార్వేలో 1982 చివర్లో ముగ్గురు కుర్రాళ్లు ప్రాణాలు తీసుకున్నాక, 1983లో దేశమంతా బడుల్లో వేధింపుల మీద కార్యక్రమం మొదలైంది. మూడో గుర్తు ఉన్నచోట రాజీ పనిచేయదు. బలం లేనివాడు రాజీకి తల ఊపుతాడు, బయటికెళ్లాక అందుకు మూల్యం చెల్లిస్తాడు. నేను వాళ్ల చేత చేతులు కలిపించినప్పుడు జరిగింది అదే.

పేటకి వెళ్లడం

ఐదో రోజు సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. ఇంటి ముందు పాత వల పరిచి దాని మీద కవ్వళ్లు అనే చిన్న చేపలు ఆరబోసి ఉన్నాయి. వాళ్లమ్మ ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేసింది.

"ఆడికేటో అయిందమ్మా. సబ్బు బిళ్ల మూడ్రోజులకి అరగదీసేస్తన్నాడు. ఎందుకురా అంటే మాటాడడు. రేత్తిరి నిద్రోడు" అంది. తర్వాత ఆమె అన్న మాట నన్ను ఇప్పటికీ వదలదు. "మీ బళ్లో గుంటలు మంచోలమ్మా. బుదారం బుదారం సంతకొచ్చి, రొయ్యలెంతప్పా అని పలకరించెల్తారు."

గుమ్మంలో నిలబడ్డ పిల్లాడు గభాలున లోపలికి వెళ్లిపోయాడు.

కాసేపటికి ఇద్దరం ఒడ్డు వైపు నడిచాం. ముందుగా నేనే చెప్పాను: "స్టాఫ్ రూమ్‌లో నేను చేసింది తప్పు. దానివల్ల నీకు ఇంకా ఎక్కువైంది. నన్ను క్షమించు." టీచర్ నోట ఆ మాట వస్తుందని అనుకోలేదు కాబోలు, చాలాసేపు ఇసుకలో కాలితో గీస్తూ ఉన్నాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. ఆరో తరగతిలో ఇద్దరు ముగ్గురే అనేవారట. ఈ ఏడు క్లాసంతా అయింది. "నా కాడ కంపొస్తందంట మేడం. నాకు తెల్డం నేదు. అందుకే కడిగేస్తన్నాను."

చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని సూటిగా అడిగాను. ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. అడగకపోవడంలోనే ప్రమాదం ఉంది. అతను "నేదు మేడం" అన్నాడు. వీరావల్ వెళ్లిపోవాలని మాత్రం ఉందన్నాడు, నాన్న పడవలో వంట పనికి. పదమూడేళ్ల పిల్లాడు. అక్కడ ఎవరూ ముక్కు మూసుకోరు కదా అన్నాడు.

ఒకవేళ జవాబు వేరేలా ఉంటే ఆ రాత్రి అతన్ని ఒంటరిగా వదలకుండా చూసి, తల్లికి చెప్పి, వెంటనే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లేదాన్ని. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. పిల్లలకి ఆపద అనిపిస్తే 1098. ఈ రెండు నంబర్లూ ప్రతి క్లాసు గోడ మీదా ఉండాలి. వేధింపులో లైంగికమైనది ఏ కాస్త ఉన్నా దాన్ని స్కూల్లోనే సర్దేసే హక్కు మనకి లేదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేసి తీరాలి.

తిరిగొచ్చేటప్పుడు అతను ఒక్కటే అడిగాడు: "సంత మాట అమ్మకి సెప్పకండి." చెప్పలేదు. క్లాసులో ఏడిపిస్తున్నారని, దాన్ని ఆపే బాధ్యత నాదని మాత్రం తల్లికి చెప్పాను. తల్లికి అంతా చెప్పాల్సిందని మా సహ ఉపాధ్యాయురాలు ఒకావిడ అన్నారు. ఆవిడ వాదనలో న్యాయముంది. కానీ ఆ పిల్లాడు బుధవారాలు మానేసింది సిగ్గుతో కాదు, వాళ్లమ్మకి ఆ మాట అర్థం తెలిసిపోతుందేమోనన్న భయంతో. తను స్కూల్లో ఉంటే మధ్యాహ్నం ఆ కుర్రాళ్లు తనని ఆ ఎగతాళి పేరుతో పిలిచి మరీ వెంట సంతకి తీసుకెళ్తారు. ఇంట్లో ఉంటే సంతకి మామూలుగా వెళ్లి వచ్చేస్తారని అతని లెక్క. అంత జాగ్రత్తగా మోసుకొచ్చినదాన్ని నేను ఒక్క మాటతో పారేయలేకపోయాను.

చీటీలు

సోమవారం క్లాసులో అందరికీ తెల్ల చీటీలు ఇచ్చాను. పేరు రాయొద్దన్నాను. రెండే ప్రశ్నలు. ఈ క్లాసులో ఎవరికి కష్టంగా ఉంటోంది? అప్పుడు నువ్వేం చేశావు?

దాదాపు అందరూ అతని గురించే రాశారు. వాళ్లలో తొమ్మిది మంది అతని అసలు పేరు రాయలేదు, "ఎండ్రొయ్య" అనే రాశారు. ఎగతాళికి కాదు, వాళ్లకి అతని పేరే అదైపోయింది. రెండో ప్రశ్నకి ఎక్కువ మంది రాసిన జవాబు "నవ్వాను". ఒక చీటీలో ఇలా ఉంది: "నవ్వకపోతే నన్నంటారు."

ఆ చీటీలతో నాకు పని ఎక్కడ చేయాలో తెలిసింది. ఫిన్లండ్ పరిశోధకురాలు క్రిస్టినా సాల్మివల్లి, ఆమె బృందం 1996లో దీన్ని వివరంగా చూపించారు. వేధింపులో ఇద్దరే ఉండరు. చేసేవాడి వెనక సాయం పట్టేవాళ్లు, నవ్వి ఊతమిచ్చేవాళ్లు, చూసీ చూడనట్టు ఉండేవాళ్లు, అడ్డుపడేవాళ్లు ఉంటారు. ఆ ఆలోచన మీదే ఫిన్లండ్‌లో కివా అనే కార్యక్రమం నడుస్తోంది. మా క్లాసులో ముందుండి చేసేది ఐదుగురు. నవ్వేది పాతిక మంది. నేను ఆ ఐదుగురి వెంటే పడ్డాను.

డ్రిల్ మాస్టారు "నాలుగు తగిలిస్తే సరి" అన్నారు. ఆయన కోపం పిల్లాడి మీద ప్రేమతో వచ్చిందే. విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. చట్టం సంగతి అలా ఉంచినా, మేం కొడితే బలమున్నవాడు లేనివాణ్ని ఏమైనా చేయొచ్చన్న పాఠమే మళ్లీ చెప్పినట్టవుతుంది. హెచ్.ఎం.గారు నా వైపు నిలబడ్డారు.

ఒక్కొక్కరితో

స్వీడన్‌కి చెందిన అనటోల్ పికాస్ ఒక పద్ధతి చెప్పాడు. గుంపుని గుంపుగా పిలవకూడదు. ఒకరి తర్వాత ఒకరిని, వాళ్లలో వాళ్లు మాట్లాడుకునే వీలు లేకుండా పిలవాలి. నేరం మోపకుండా, "ఫలానావాడు కష్టంలో ఉన్నాడు, నువ్వేం చేయగలవు?" అని అడగాలి. ఐదుగురినీ ఒకే రోజు లాబ్‌లోకి పిలిచాను, తలా పది నిమిషాలు. ముందుండే కుర్రాడితోనే మొదలు.

"ఆ అబ్బాయి నాలుగు రోజులు ఎందుకు రాలేదో తెలుసా?"

మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. మౌనంగా ఉండటమే అన్నిటికంటే కష్టం, నోరు ఊరుకోదు. చివరికి అతనే అన్నాడు: "నానంటే అందరూ నవ్వుతారు మేడం. అందుకే."

అందులో అబద్ధం లేదు. ఆ పిల్లాడి మీద అతనికి పగ లేదు, కోపం లేదు. అతనికి కావాల్సింది ఆ నవ్వు. "మరి ఇప్పుడేం చేద్దాం?" అంటే చాలాసేపు ఆలోచించి "సంతకెల్లను" అన్నాడు. అడగకుండానే సంత మాట అతని నోటినుంచే వచ్చింది. మూడు రోజుల తర్వాత మళ్లీ పిలుస్తానని చెప్పాను, పిలిచాను. ఈ పద్ధతిలో రెండోసారి పిలవడం చాలా ముఖ్యం, మనం దాన్నే మర్చిపోతాం.

ఐదుగురూ అయ్యాక భూతద్దం తుడిచిన అమ్మాయిని విడిగా అడిగాను. ఏడ్చేసింది. "అందరూ తుడుస్తన్నారని తుడిసినాను మేడం. వాసనేటీ నేదు." తిట్టలేదు. ఈసారి ఏదైనా అందుకునేటప్పుడు తుడవకుండా ఉండగలవా అని అడిగాను, అంతే. ఇలాగే నవ్వేవాళ్లలోంచి మరో ఏడుగురితో మాట్లాడాను. అడ్డుపడమని ఎవరికీ చెప్పలేదు, అందరి పిల్లలకీ అంత ధైర్యం ఉండదు. నవ్వకుండా ఉండటం మాత్రం ఎవరికైనా చేతనవుతుంది. తర్వాత వారం ఒక కుర్రాడు ముక్కు రుద్దాడు. ముందు బెంచీలో ఎవరూ వెనక్కి తిరగలేదు. వేళ్లు అలాగే కాసేపు ముక్కు మీద ఉంచి దించేశాడు.

పద్ధతులూ కొన్ని మార్చాం. క్లాసు మొత్తానికి ప్రతి సోమవారం సీట్లు మారతాయి. భోజనానికి రోల్ నంబర్ల వరుసలో కూర్చుంటారు. బుధవారం మధ్యాహ్నం గేటు దగ్గర ఒక టీచర్ ఉంటారు. అందరూ పూర్తి పేరుతోనే పిలవాలి. ఆటల్లో కెప్టెన్లు ఒక్కొక్కరినీ కోరుకునే పద్ధతిలో ఇతనెప్పుడూ చివర మిగిలేవాడు. దాన్ని గమనించి నంబర్లు చెప్పించి జట్లు వేయడం మొదలుపెట్టింది ఎవరనుకున్నారు, నాలుగు తగిలించమన్న డ్రిల్ మాస్టారే. ఇతన్ని గట్టు మీద నుంచి వరుసలోకి మొదట తెచ్చింది నా కౌన్సెలింగ్ కాదు, ఆ వాలీబాల్ జట్టే.

చేపల గురించి ఇతని చేత క్లాసులో మాట్లాడించమని ఒకరు సలహా ఇచ్చారు. వద్దన్నాను. అతను తప్పించుకోవాలని చూస్తున్నదాన్నే అతని మెడలో దండగా వేసినట్టవుతుంది. అందరిలో ఒకడిగా కూర్చోగలగడం ముందు కావాలి. మాట్లాడాలనిపిస్తే అతనే మాట్లాడతాడు.

ఊళ్లో ఎవరూ కులం పేరెత్తి తిట్టరు. వాసన అంటారు, శుభ్రం అంటారు. పిల్లలు ఆ మాటని ఇంటి నుంచే తెచ్చుకుంటారు. పేరెంట్స్ మీటింగ్‌లో ఈ సంగతి నేను మెత్తగానే చెప్పాను, అయినా ఇద్దరు ముగ్గురు తండ్రులు ముఖం మాడ్చుకున్నారు. అక్కడ నేను ఇంకా పెద్దగా సాధించింది లేదు.

తర్వాత

చేతులకి ఎ.ఎన్.ఎం. మందు ఇచ్చింది. బట్టల సబ్బు మానిపించి, వాసన లేని మామూలు సబ్బు రోజుకి రెండుసార్లే అని మేమిద్దరం ఒప్పందం చేసుకున్నాం. ఒక్కసారిగా మానమంటే అతని వల్ల కాలేదు. మూడో పూట కడుక్కోవాలనిపిస్తే నా దగ్గరికి వచ్చి చెప్పడం, పది నిమిషాలు ఆగడం, అప్పటికీ ఉండలేకపోతే కడుక్కోవడం. దసరా సెలవుల నాటికి నా దగ్గరికి రావడం తగ్గింది. సెలవులయ్యాక కూడా చేతులు అలాగే ఉంటే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్దామని తల్లికి ముందే చెప్పి ఉంచాను. ఆ అవసరం రాలేదు.

డిసెంబర్‌లో మళ్లీ ఒకటి జరిగింది. ఎవరో తమ అన్నయ్య ఫోన్లోంచి క్లాసు వాట్సాప్ గ్రూపులో ఇతని ఫొటో కింద రొయ్య బొమ్మ పెట్టారు. ఈసారి ప్రేయర్‌లో మాట్లాడలేదు, ఎవరినీ ఎదురెదురుగా నిలబెట్టలేదు. స్క్రీన్‌షాట్ నా దగ్గరికి తెచ్చింది భూతద్దం అమ్మాయి. బొమ్మ పెట్టినవాళ్ల ఇంటికి వెళ్లి పెద్దవాళ్ల ఎదుట దాన్ని తీయించాను. మర్నాడు ఇతన్ని పిలిచి, ఎవరు పెట్టారో, నేనేం చేశానో మొత్తం చెప్పాను. "నాను సూసినాను మేడం. గ్రూపులో ఎవులూ నవ్వు బొమ్మ పెట్టనేదు" అన్నాడు. అతను లెక్కపెట్టుకున్నది దాన్నే.

సంక్రాంతికి తండ్రి రాలేదు, వీరావల్ నుంచి ఫోన్ చేశాడు. పండగ సెలవులయ్యాక పిల్లాడు కొంచెం దిగులుగా కనిపించాడు గానీ స్కూలు మానలేదు. వాళ్లమ్మ సంతలో కనిపించి, సబ్బు ఇప్పుడు పదిరోజులొస్తందమ్మా అంది. అతనికి దగ్గరి స్నేహితుడు ఇంకా లేడు. వాలీబాల్ ఆడతాడు, అందరితో కలిసి తింటాడు, సైకిల్ మీద మాత్రం ఒక్కడే ఇంటికి వెళ్తాడు. జనవరి నుంచి వచ్చిన బుధవారాల్లో రెండే మానేశాడు, రెండూ జ్వరంతోనే.

వచ్చే ఏడాది తొమ్మిదిలోకి వెళ్తాడు, క్లాస్ టీచర్ మారతారు. ఆయనకి ఇవ్వడానికి రెండు పేజీలు రాసి హెచ్.ఎం.గారి బీరువాలో పెట్టాను. ఏం జరిగింది, ఏం పనిచేసింది, ఏది చేయకూడదు, అన్నీ అందులో ఉన్నాయి. రెండో పేజీ చివర ఎర్ర సిరాతో రాశాను: బుధవారాల హాజరు విడిగా చూడండి.